అక్క రాసిన రెండో భాగం

అక్కనూ నన్నూ ఒకే ఇంటికి ఇచ్చినారు. మా నాయన అక్క కొడుకులు ఇద్దరుంటే, ఆ ఇద్దరికీ మేమిద్దరం. పుట్టిల్లు మార్కాపురం, మెట్టినిల్లు కంభం అవతల ఒక చిన్న ఊరు. కంభం చెరువు ఎంత పెద్దదైనా మా చేలు దానికి ఎగువన ఉన్నాయి. చెరువు నిండితే కింద వాళ్ళు వరి కోసుకునేవాళ్ళు. మేము కొర్ర, జొన్న, ఆముదాలు వేసుకొని మబ్బు దిక్కు చూస్తా కూర్చునేవాళ్ళం.

వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో బావ రంగూన్ పోయినాడు. బావ అంటే అక్క మొగుడు. గిద్దలూరు దిక్కునుంచి అప్పటికే కొందరు పోయి కలప కోసే మిల్లుల్లో పనికి కుదిరి ఉన్నారు. వాళ్ళను పట్టుకొని ఈయనా పోయినాడు. ఎప్పుడో ఒకసారి సెలవు మీద వచ్చి నెలో రెండు నెలలో ఉండి పోయేవాడు. వచ్చినప్పుడల్లా రంగుల లుంగీలు, లక్క డబ్బాలు తెచ్చేవాడు. ఒక సారి మాత్రం ఒక కథ తెచ్చినాడు.

మిల్లులో బావ పక్క గదిలో ఒక ముసలి చీనా వడ్రంగి ఉండేవాడంట. వాళ్ళిద్దరికీ కలిసిన భాష అరకొర బర్మా మాటలే. ఆ మాటల్లోనే ఆయన తన దేశపు కథ చెప్పినాడు. బావ దాన్ని మా అరుగు మీద కూర్చొని మాకు చెప్పినాడు.

వెనకటికి పది మంది సూర్యులుండేవాళ్ళంట. రోజుకొకడు వంతు వేసుకొని వచ్చేవాళ్ళు. ఒకనాడు పొగరుపట్టి పది మందీ ఒకేసారి పైకి వచ్చినారు. చెట్లు మాడినాయి, ఏర్లు ఎండినాయి, బండలు పగిలినాయి. అప్పుడొక విలుకాడు బాణాలేసి తొమ్మిది మందిని పడగొట్టి ఒకణ్ణి మిగిల్చినాడు. పడమటి కొండల దేవత మెచ్చి అతనికి ఒక మందు ఇచ్చింది. ఇద్దరు పంచుకొని తాగితే చావు లేకుండా బతుకుతారు. ఒక్కరే తాగితే ఆకాశానికి పోతారు. విలుకాడు ఇంట్లో లేని పొద్దున ఆ మందు భార్య ఒక్కతే తాగింది. ఒళ్ళు తేలికైపోయి కిటికీలోనుంచి పైకి లేచి చంద్రుడి దాకా పోయింది. మళ్ళీ దిగి రాలేకపోయింది.

"పది మంది సూర్యులా? ఒక్కడితోనే చస్తున్నాము మనము," అనింది అత్త. అందరం నవ్వినాము.

అక్క నవ్వలేదు. "ఆశపడి తాగిందా, గతిలేక తాగిందా?" అని అడిగింది.

"ఆ ముసలాయన రెండు తీర్లా చెప్తాడు. ఒకనాడు ఆశపడింది అంటాడు. ఇంకోనాడు, మందు దొంగిలించడానికి ఒకడు వచ్చినాడు, వాడికి దక్కకూడదని తాగింది అంటాడు," అన్నాడు బావ.

"నాకు రెండోదే కావాల," అనింది అక్క.

బావ మళ్ళీ ఓడ ఎక్కినాక అక్క ఆ కథ రాయడం మొదలుపెట్టింది. మార్కాపురం బోర్డు స్కూల్లో అయిదో తరగతి దాకా చదివింది మా అక్క. నాయన రీడింగ్ రూమునుంచి పాత వారపత్రికలు తెచ్చిస్తే ఒక్క అక్షరం వదలకుండా చదివేది. ఇప్పుడు తానే రాసింది. కథలో వాళ్ళకు పేర్లు పెట్టలేదు. విలుకాడు, విలుకాని భార్య, అంతే. ఊరు మాత్రం మా ఊరే. మాడిన ఆముదపు చేలు మావే. విలుకాడు తొమ్మిదో సూర్యుణ్ణి కొట్టి ఇంటికొచ్చి నీళ్ళడిగితే భార్య చెంబు అందించడం, అది బావ పొలంనుంచి వచ్చినప్పుడు అక్క చేసే పనే. మద్రాసులో అచ్చయ్యే ఒక వారపత్రికకు పంపింది. వాళ్ళు దాన్ని వారం వారం వేసినారు. కింద "ఒక సోదరి" అని ఉండేది.

ఆ పత్రిక కంభం వస్తే మా ఇంటాయన పట్టుకొచ్చేవాడు. అక్క మధ్యాహ్నం పూట పైకి చదివేది. అత్తకు చదువు రాదు, చూపూ మందగించింది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చొని ఆముదాలు ఒలుచుకుంటా వినేవాళ్ళు. చివర్లో విలుకాడు పున్నమికి పున్నమికి పెరట్లో పండ్లు పెట్టి చంద్రుణ్ణి చూస్తా నిలబడతాడు. అక్కడికి మొదటి భాగం అయిపోయింది. మా వాకిట్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. పత్రికవాళ్ళు కార్డు రాసినారు, చదివినవాళ్ళు చానామంది రెండో భాగం అడుగుతున్నారు, రాసి పంపండి అని.

అక్క బావకు రాసింది, ఆ ముసలాయన్ను అడుగు, తర్వాత ఏమైందని. బావ జవాబు వచ్చింది. తర్వాత ఏమీ లేదంట, కథ అంతేనంట. అయితే చంద్రుడి మీద ఒక చెట్టుందంట, దాన్ని ఒకడు నరుకుతానే ఉంటాడు, అది మానుతానే ఉంటుంది. పడమటి కొండల చుట్టూ ఒక నది ఉందంట, దాంట్లో ఈక వేసినా మునిగిపోతుంది. ఇవి పెట్టుకొని నిన్నే రాసుకోమన్నాడు ఆ ముసలాయన, అని.

అట్ల మొదలైంది రెండో భాగం. విలుకాడు భార్య కోసం చంద్రుడికి దోవ వెతుక్కుంటా బయలుదేరతాడు.

అప్పటికి యుద్ధం వచ్చింది. కాగితం దొరికేది కాదు. మా నాయన మార్కాపురంలో పలకలు కోసే షెడ్డులో పని చేసేవాడు. అంచులు విరిగి అమ్ముడుపోని పలకలు ఒక గోతంలో వేసి రైల్లో తెచ్చి ఇచ్చినాడు. అక్క వాటి మీద బలపంతో రాసేది, తుడిచేది, మళ్ళీ రాసేది. బాగుంది అనుకున్న పలకను గోడకు ఆనించి పెట్టేది. దొరికిన కాగితం ముక్కల మీదికి నేను ఎత్తి రాసేదాన్ని. అట్ల ఆ కథంతా నా చేతిమీదుగా పోయింది.

ఆ చలికాలంలోనే రంగూన్ మీద బాంబులు పడినాయి. కంభం స్టేషన్లో విని వచ్చి మా ఇంటాయన చెప్పినాడు. తర్వాత ఉత్తరం రాలేదు. రంగూన్ జపానువాళ్ళ చేతికి పోయిందన్నారు. మనవాళ్ళు కొండలెక్కి అడవుల్లో పడి నడిచి వస్తున్నారన్నారు. కొందరు ఓడల్లో మద్రాసు చేరినారన్నారు. మా ఇంటాయన మద్రాసు దాకా పోయి రేవులో విచారించి వచ్చినాడు. ఎవరూ ఏమీ చెప్పలేకపోయినారు.

అత్తకు ఆ దిగులు కోపంగా మారింది. ఆ కోపం అక్క మీదికి తిరిగింది.

"మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదీసి రాస్తివి. ఊరూరా చదివిస్తివి. నోటితో అంటేనే తగులుతుందే, నువ్వు అచ్చు వేయిస్తివి. నా కొడుకుకు తగిలింది," అనింది ఒకనాడు.

"నేను కథ రాసినాను అత్తా," అనింది అక్క.

అత్త లేచి, తడుముకుంటా పోయి, గోడకు ఆనించిన పలకల మీద చెంబెడు నీళ్ళు పోసింది. బలపపు గీతలన్నీ తెల్లగా కారిపోయినాయి. ఖాళీ చెంబు పట్టుకొని అక్కడే నిలబడి అత్త ఏడ్చింది. ఏడుపు ఆగినాక అక్కను మెత్తగా అడిగింది, "ఇప్పుడు కలిపి రాయి పెద్దమ్మీ. వాళ్ళిద్దర్నీ కలిపి రాయి."

అక్క పలకలు తుడిచి మళ్ళీ రాసింది. ఆరోజునుంచి అత్త పొద్దున లేవగానే అడిగేది, "ఎందాక వచ్చినాడు?" అక్క చెప్పేది, కొండ ఎక్కుతున్నాడని, అడవి దాటినాడని. ఇద్దరూ ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో నాకు తెలిసేది కాదు.

వానలు పడి వెలిసినాక గిద్దలూరు దిక్కు మనిషి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటా వచ్చినాడు. బావతో మిల్లులో పని చేసినవాడు. ఎముకల మీద తోలు కప్పినట్టు ఉన్నాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోకుండా అత్త ముందు నిలబడినాడు.

"నీ కొడుకూ నేనూ కలిసి నడిచినాము తల్లీ," అన్నాడు.

"వాడేడి?" అనింది అత్త.

ఆయన మెల్లగా చెప్పుకొచ్చినాడు. బియ్యం అయిపోయినాయంట. కొండల్లో ఉండంగానే వాన పట్టుకుందంట. బావకు భేదులు మొదలైనాయి. వీళ్ళు రెండు కట్టెలకు గోతం కట్టి కొంత దూరం మోసినారు. తర్వాత వీళ్ళకే కాళ్ళు నిలవలేదు.

"ఒక చెట్టు కింద పండబెట్టి వచ్చినాము. నీళ్ళు పక్కన పెట్టినాము."

"అప్పటికి ప్రాణం ఉందా?"

"ఉంది తల్లీ."

"పోయినట్టు చూసినావా నువ్వు?"

"చూడలేదు."

అత్త నిటారుగా అయింది. ఇన్ని నెలలుగా ఆమె ముఖంలో లేని వెలుతురు వచ్చింది. "అయితే బతికే ఉంటాడు. ఆ కొండల్లో మాత్రం మనుషులు లేరా? ఎవరో ఇంత గంజి పోసి ఉంటారు. కోలుకున్నాక వస్తాడు. చిన్నమ్మీ, పొయ్యి ముట్టించు. ఈ అబ్బాయికి అన్నం పెట్టాల."

ఆయన తలవంచుకొని తిన్నాడు. పోయేటప్పుడు అక్కా నేనూ ఊరి చివరిదాకా వెంట పోయినాము.

"అన్నా, నాకు నిజం చెప్పు," అనింది అక్క.

"చెప్పింది నిజమే చెల్లెమ్మా." ఆయన వెనక్కు తిరిగి మా ఇంటి దిక్కు చూసినాడు. "చెప్పనిది ఒకటుంది. ఆ దోవలో చెట్ల కింద పండబెట్టిపోయినోళ్ళను చానామందిని దాటుకుంటా వచ్చినాము. వాళ్ళల్లో ఒక్కరు కూడా మళ్ళీ లేచి మా వెనక రాలేదు."

అక్క తల ఊపింది. ఆయన కంభం దోవ పట్టి కనుమరుగయ్యేదాకా చూసి, వెనక్కు తిరిగి, "పద, ఎనుములకు నీళ్ళు పెట్టాల," అనింది.

కులపెద్దలు ఇద్దరు వచ్చి మాట ఎత్తినారు. మనిషి రాలేదు, జరగాల్సిన కార్యం జరిపించాలన్నారు. అత్త గడపలో అడ్డం నిలబడింది. "నా కొడుకు బతికుండంగా నా కోడలి గాజులు ఎవడు తీస్తాడో చూస్తాను," అనింది. వాళ్ళు వెనక్కు పోయినారు. అత్త ప్రతి పొద్దునా అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకొని, సరిగ్గా కనిపించకపోయినా, వేలితో తడిమి నుదుట కుంకుమ పెట్టేది. అక్క కళ్ళు మూసుకొని పెట్టించుకునేది. ఊళ్ళో ఆడవాళ్ళకు మాత్రం అక్కను ఏమనుకోవాల్నో తెలియలేదు. పేరంటానికి పిలిచేవాళ్ళు కారు. విధవ అని పక్కకూ పెట్టేవాళ్ళు కారు. ఎదురొస్తే మాట్లాడకుండా తప్పుకునేవాళ్ళు. అత్త వినే చోట ఏడవడానికి లేదు. అక్క ఏడిస్తే బతికున్నవాణ్ణి చంపినట్టే ఆమెకు.

ఆ నెలల్లోనే రెండో భాగం చివర రాసింది. విలుకాడు అడవులు దాటినాడు, కొండలు దాటినాడు, ఈక మునిగే నది ఒడ్డుకు చేరినాడు. నదిలో ఈక వేసినాడు. ఈక మునిగింది. బాణం వేసినాడు. బాణం మునిగింది. అప్పుడు ఒడ్డున ఒక చెట్టు కింద పడుకున్నాడు. పైన చంద్రుడిలో భార్య భూమి దిక్కు చూస్తానే ఉంది. ఎక్కడ చూసినా చెట్లు. ఏ చెట్టు కింద తన మనిషి ఉన్నాడో తెలుసుకోలేకపోయింది. అంతటితో కథ అయిపోయింది.

ఎత్తి రాస్తా రాస్తా నా చేయి ఆగింది. "అత్త కలిపి రాయమనింది కదక్కా," అన్నాను.

"ఈ ఇంట్లో ఆయన్ను చావనియ్యరు చెల్లీ. ఒక్క చోటన్నా చావనియ్యాల," అనింది అక్క.

"అత్తకు చదివి వినిపించాల్సి వస్తుంది."

"వినిపిస్తాను. నా నోటితో చెప్పలేనిది అచ్చులో ఉంటే చదవగలుగుతాను."

పంపించినాము. పత్రిక అప్పటికి చిక్కిపోయి నాలుగు కాగితాలుగా వస్తుండేది, అదీ ఒక వారం వస్తే ఒక వారం రాదు. అయినా కథ వేసినారు. అక్క మళ్ళీ మధ్యాహ్నాలు చదవడం మొదలుపెట్టింది. అత్త గుంజకు ఆనుకొని, నోరు కొంచెం తెరుచుకొని, చంటిబిడ్డలాగా వినేది. విలుకాడు కొండ ఎక్కుతుంటే ఆమె చేతులు మోకాళ్ళను గట్టిగా పట్టుకునేవి. పొరుగు ఆడవాళ్ళు కథ వింటా మధ్య మధ్య అత్త ముఖం చూసేవాళ్ళు.

చివరి భాగం ఉన్న పత్రిక వచ్చిన రోజు అక్క పొద్దుననే తలకు పోసుకుంది. జుట్టు ఆరకుండానే ముడి వేసుకొని వచ్చి కూర్చునింది. పత్రిక ముందుగా తెరిచి చూడలేదు. తానే రాసింది కదా. ఆమెకు కావాల్సింది అది పైకి చదివే ధైర్యం ఒక్కటే. నేను ఆమె వెనకనే కూర్చున్నాను.

గొంతు బాగానే ఉంది మొదట. "నదిలో ఈక వేసినాడు. ఈక మునిగింది. బాణం వేసినాడు. బాణం మునిగింది." తర్వాతి మాట నాకు తెలుసు. చెట్టు.

ఆ మాట రాలేదు. అక్క ఆగిపోయింది. కళ్ళు కాగితం మీద కిందికి, మళ్ళీ పైకి పోయినాయి. నేను భుజం మీదుగా వంగి చూసినాను. అక్కడ ఉన్నది మేము రాసింది కాదు. ఆకాశంనుంచి వెండి తీగ ఒకటి దిగిందని ఉంది. విలుకాడు దాన్ని పట్టుకొని నది దాటినాడని ఉంది. చివర చిన్న అక్షరాల్లో, పాఠకుల కోరిక మేరకు, అని ఉంది.

"ఆపినావేమే?" అనింది అత్త. "చదువు. మునిగింది, తర్వాత?"

అక్క పెదవులు తడుపుకుంది.

"వాడు కూడా మునిగినాడా?" అత్త గుంజ వదిలి ముందుకు వంగింది. "పెద్దమ్మీ, చెప్పు."

"లేదత్తా," అనింది అక్క. మళ్ళీ చదివింది. ఎవరో తెలియని మనిషి రాసిన మాటలు, ఒక్కొక్కటే, తప్పు పోకుండా చదివింది. వెండి తీగ, వెన్నెల మెట్లు, తెరుచుకున్న తలుపు. భార్య పరుగెత్తుకుంటా ఎదురొచ్చింది. ఇద్దరూ కలుసుకున్నారు. ఆకాశంనుంచి పూలు కురిసినాయి.

"చేరినాడా?" అనింది అత్త.

"చేరినాడత్తా."

అత్త రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఏడుస్తా అక్క తల పట్టుకొని దగ్గరికి లాక్కుంది. "నా తల్లే, కలిపినావు. నేనన్నందుకు కలిపినావు." పొరుగు ఆడవాళ్ళు కూడా ఏడ్చినారు. వాళ్ళల్లో ఒకామె తమ్ముడు కూడా రంగూన్లోనే ఉండినాడు. ఆమె ఆ పత్రిక అడిగి తీసుకొని, చదవడం రాకపోయినా, ఆ పేజీని కళ్ళకద్దుకొని ఇచ్చింది.

పెరట్లో నేను అక్కను పట్టుకున్నాను. నా ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళకు కార్డు రాద్దాం అక్కా. నీది తీసేసి ఇంకోటి పెట్టడానికి వాళ్ళెవరు?"

"రాసి?"

"నువ్వు రాసిందే వెయ్యమందాం."

"వేస్తే దాన్ని అత్తకు చదివేది ఎవరు? నువ్వా?" అనింది అక్క. మళ్ళీ ఆమే అనింది, "ఎవరో మంచి మనసుతోనే రాసి ఉంటారులే. ఆ మద్రాసులో కూడా అమ్మలుంటారు గదా." ఆ మాట అనేటప్పుడు ఆమె చేతులు కుచ్చెళ్ళను నలుపుతానే ఉన్నాయి.

ఆ కథను అత్త ఎన్ని సార్లు చదివించుకుందో. మొదటినుంచి కాదు, చివరిదే. భోజనాలైనాక చాప వేసుకొని, "పెద్దమ్మీ, వాడు చేరింది చదువు," అనేది. అక్క చదివేది. మడతల దగ్గర కాగితం చిరిగిపోయినాక చూడకుండానే చెప్పేది. ఒక మాట తప్పితే అత్తే దిద్దేది. తాను రాసింది మాత్రం ఆమె నోట నేను మళ్ళీ వినలేదు. మేము ఎత్తి రాసిన కాగితాలు మద్రాసులోనే పోయినాయి. పత్రికవాళ్ళు మూడో భాగం అడుగుతా ఒక కార్డు వేసినారు. అక్క దాన్ని చదివి, చింపకుండా, పొయ్యిలో పెట్టింది. ఇంకెప్పుడూ రాయలేదు.

వానలు మళ్ళీ తప్పిన ఏడు ఊళ్ళో కలరా వచ్చింది. అత్తను అది ఒక పగలులో తీసుకుపోయింది. అక్క ఒళ్ళోనే పోయింది. చివరిదాకా తెలివి ఉండింది. "వాడొస్తే జొన్నరొట్టె చెయ్యి, అన్నం వద్దంటాడు," అనింది.

అత్త కర్మలైనాక పెద్దలు మళ్ళీ వచ్చినారు. ఈసారి గడపలో అడ్డం నిలబడడానికి ఎవరూ లేరు. అక్కే బయటికి వచ్చి, "చెయ్యండి," అనింది. మనిషి శవం లేదు కాబట్టి మోదుగాకులతో, దర్భలతో బొమ్మ కట్టి గుండ్లకమ్మ ఒడ్డున దహనం చేసినారు. కొడుకులు లేరు, మా ఇంటాయన నిప్పు పెట్టినాడు. గాజులు పగలగొట్టడానికి ముసలామె ఒకామె ముందుకొస్తే అక్క చెయ్యి వెనక్కు తీసుకుంది. ఒక్కొక్క గాజూ తానే తీసింది. మణికట్టు దగ్గర పట్టేసిన వాటిని నీళ్ళల్లో చెయ్యి ముంచి తీసింది. నుదురు కడుక్కుంది.

ఆ తర్వాత ఏడ్చింది. అంత గట్టిగా మనిషి ఏడవడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. గిద్దలూరు మనిషి వచ్చినప్పటినుంచి లోపల పెట్టుకున్నదంతా బయటికి వచ్చింది. బావను పిలిచింది, తిట్టింది, ఆ చెట్టు ఎక్కడుందో చెప్పమనింది. ఇన్నేళ్ళకు ఇంత ఏడుపేందని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నేను ఎవరినీ ఆమె దగ్గరికి పోనియ్యలేదు. గొంతు పోయి మాట రానిదాకా ఏడ్చింది.

పొద్దు ఉండంగానే ఇంటికి వచ్చినాము. అక్క కాళ్ళు కడుక్కొని, తడి చీర కూడా మార్చుకోకుండా, వసారాలో నేల మీదనే ఒరిగింది. నేను దుప్పటి తెచ్చేసరికి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకొని, చేతులు రెండూ పక్కకు వదిలేసి, గాఢంగా నిద్రపోయింది. పక్కన కూర్చొని ఈగలు తోలుతా ఉండిపోయినాను. ఎనుములు అరుస్తున్నా అక్కను ఎవరినీ లేపనియ్యలేదు.